కోడిపిల్ల రాణి ఆఖరి పదిహేను నిమిషాలు

“ఏదీ ముట్టుకోకు. తుడవకు. కడగకు. ఎనిమిదింబావుకల్లా అక్కడుంటాను” అని వదిన ఫోన్ పెట్టేసింది.

గోడ గడియారంలో ఏడు దాటి రెండు నిమిషాలు. అప్పటికే నేను రాణిని పాత దినపత్రికలో చుట్టేశాను. కోడిపిల్లల డబ్బాలో రంపపు పొట్టు సగం ఎత్తిపోశాను. భయమేస్తే నా చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి సర్దేస్తాయి. నిన్న ఉదయం తిండిపోతు, చుక్క పోయాయి. ఈ ఉదయం రాణి. ఇరవై నాలుగు రోజుల కిందట చెప్పుల పెట్టెలో ఇంటికొచ్చిన అయిదు కోడిపిల్లల్లో ఇక మిగిలినవి రెండు, కుంటోడూ బూడిదా. పేర్లన్నీ నా కూతురు పెట్టినవే.

కోడిపిల్లల చావుకి పోలీసావిడను పిలుస్తారా అని ఎవరైనా నవ్వుతారేమో, నవ్వనివ్వండి. నిన్న ఏడూ పదికి నా తొమ్మిదేళ్ల పిల్ల వాంతి చేసుకుంది. ఇవాళ తల పగిలిపోతోందంటూ గోడకు చేరగిలబడింది. రెండు రోజులూ అవి పోయిన కాసేపటికే. వాటికొచ్చిందే దీనికీ వచ్చిందా? ఆ మాట పైకి అనడానికి కూడా నాకు నోరు రాలేదు.

వదినంటే మా ఆయన అక్క. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబులుగా దిగిపోయింది. ఉద్యోగం పోయినా పేరు పోలేదు, అందరూ ‘హెడ్డుగారు’ అనే అంటారు. వచ్చీ రాగానే మంచినీళ్లు కూడా అడగలేదు. చిన్న పుస్తకం తీసి గుమ్మంలోనే నిలబడింది.

“మొదట నువ్వు. నిన్నటి నుంచి చెప్పు. టైములు ముందు, ఏడుపు తర్వాత.”

“నిన్న ఆరింటికి మీ తమ్ముడు స్నానానికెళ్లారు. ఆరుంబావుకి వచ్చేశారు. ఆరూ ఇరవైకి నేను. ఆరూ ముప్పై అయిదుకి పిల్ల. అది ఆరూ యాభైకి బయటికొచ్చి, ‘అమ్మా, తిండిపోతు లేవట్లేదు’ అంది. వెళ్లి చూస్తే చుక్క కూడా…”

“డబ్బా ఎక్కడుంది?”

“స్నానాల గదిలోనే వదినా, బోర్లించిన టబ్బు మీద. వేడినీళ్ల ఆవిరికి వెచ్చగా ఉంటుందని వచ్చిన రోజు నుంచీ అక్కడే పెడుతున్నా.”

“ఇవాళ?”

“ఆయన రాత్రి బస్సు డ్యూటీకెళ్లారు, ఇంకా రాలేదు. నేనింకా చేయలేదు. పిల్ల ఒక్కతే చేసింది. ఆరున్నర నుంచి ఆరూ నలభై అయిదు వరకు. లోపలికెళ్లేటప్పుడు మూడూ బతికే ఉన్నాయి. నూకలు వేసింది నేనే, కళ్లారా చూశా. బయటికొచ్చేసరికి రాణి పడిపోయి ఉంది.”

“అంటే రాణికి దక్కింది పదిహేను నిమిషాలు.” వదిన రాసుకుంది. “రోగం గడియారం చూసుకుని రాదు పిల్లా. ఇదెవరో చూసుకుని వస్తున్నారు. మీకెవరితోనైనా మాటా మాటా వచ్చిందా?”

నేను పక్క వాటా వైపు చూశాను. అక్కడ టైలరు కుట్టుమిషన్ అప్పటికే టకటకలాడుతోంది. మూడు రోజుల కిందట మా కోడిపిల్లలు అతని గుమ్మంలోకి పోయి గుండీల డబ్బా బోర్లించాయి. “ఈసారొస్తే మందు పెట్టేస్తా” అని అతను అరిచాడు. వీధిలో సగం మంది విన్నారు.

వదిన పిలవలేదు, తానే వెళ్లి మిషన్ చక్రం మీద చెయ్యేసి ఆపింది.

“మందు పెడతానన్నావట.”

టైలరు నోట్లోని సూదులు తీసి గుడ్డకు గుచ్చాడు. “అన్నానమ్మా హెడ్డుగారూ. మా ఆవిణ్ణి రోజుకి నాలుగుసార్లు చంపేస్తానంటా. అదిగో, లోపల పప్పు రుబ్బుతోంది.”

“ఎప్పుడో ఒకప్పుడు రుబ్బురాయి నీ నెత్తినే పడుతుంది!” అని లోపల్నుంచి వినిపించింది.

“నిన్న ఉదయం వాటిని చూశావా?” వదిన నవ్వలేదు.

“చూశా. ఏడింటికి పాప మిగిలిన మూడింటినీ వరండాలో ఎండకి దించింది. తాగుబోతుల్లా తూలుతున్నాయి. ఒకటైతే మెడ వాల్చేసింది. ఇవీ పోతాయిలే అనుకున్నా. ఏడున్నరకల్లా మూడూ నా గుమ్మంలో ఉన్నాయి, గుండీలు ఏరుకుంటూ. నాకు ఒళ్లు మండింది కానీ, పాప మొహం చూసి ఊరుకున్నా.” అతను గొంతు తగ్గించాడు. “చుక్కకి చిన్న గుడ్డ కుట్టివ్వమంది, చుట్టి పాతిపెట్టడానికి. కుట్టిచ్చా. అలాంటి గుడ్డ నేనెప్పుడూ కుట్టలేదమ్మా.”

వదిన చెయ్యి చక్రం మీద నుంచి తీసేసింది. బయటికొస్తూ, “మందు తిన్నది అరగంటలో లేచి గుండీలు ఏరుకోదు. ఇతను కాదు” అంది.

నాకు మాత్రం భయం ఇంకా పెరిగింది. మనిషి చేసిన పని కాకపోతే ఇక రోగమే కదా.

స్నానాల గదిని వదిన పావుగంట చూసింది. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. గోడకి గ్యాస్ గీజరు, దాని పైన సున్నం మీద నల్లటి మరక. మూలన టబ్బు, టబ్బు మీద డబ్బా. నూకలు వాసన చూసింది. నీళ్ల గిన్నె వంచి చూసింది. కోడిపిల్లల వెచ్చదనానికి రాత్రంతా వెలిగే బల్బు తీగ పట్టుకుని లాగింది.

“బల్బు షాకు కొట్టిందా?”

“లేదు వదినా. రాత్రంతా బాగానే ఉంటాయి. తెల్లారి ఆరింటికి తలుపు తీస్తే కిచకిచమంటూ మీదికొస్తాయి.”

“పైన ఆ అట్టేంటి?”

“వెంటిలేటరుకా? పిల్లి. మొన్న సాయంత్రం ఆ సందులోంచి లోపలికి దిగి డబ్బాలో గెలికింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అట్ట కోసి, నాలుగు వైపులా టేపు వేశా. ఇంత సందు కూడా లేదు.”

“ఊఁ” అని రాసుకుని, దినపత్రిక విప్పమంది.

నేను విప్పలేకపోయాను. ఆవిడే విప్పింది. రాణి నిద్రపోతున్నట్టే ఉంది. ఈకలు పక్కకు తోసి, రెక్క కింద తోలు చూసింది. బతికున్నప్పటికంటే ఎర్రగా ఉంది, ఎవరో బుగ్గ గిల్లినట్టు. వదిన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చూసింది.

“ఈ రంగు నేనెక్కడో చూశాను” అంది. “ఎక్కడో గుర్తు రావట్లేదు. పిచ్చుకను పిలువు.”

పిచ్చుక అంటే నా కూతురే, ఆ ముద్దుపేరు వాళ్లత్తదే. అది వరండాలో గంప పక్కన మోకాళ్ల మీద గడ్డం ఆన్చి కూర్చుంది. గంపలో కుంటోడూ బూడిదా ఒకదాని కింద ఒకటి దూరి ఉన్నాయి. వదిన నేల మీద చతికిలబడింది. ఖాకీ బట్టలప్పుడు ఎలా ఉండేదో గాని, ఇప్పుడు మోకాళ్లు కలుక్కుమన్నాయి.

“తల నొప్పి తగ్గిందా తల్లీ?”

“తగ్గిందత్తా. బయట కూర్చుంటే తగ్గింది.”

“లోపల ఏం జరిగిందో నాకు చెప్తావా? మీ అమ్మకి చెప్పనులే.”

అది నా వైపు చూసింది. నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను. మాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి.

“నేనే చంపేశానత్తా.”

“ఎలా?”

“రాణి వణుకుతోంది. చలేమో అని స్నానమయ్యాక తువ్వాల్లో పెట్టుకుని గుండెలకి పట్టుకున్నా. నాకూ కళ్లు తిరుగుతున్నాయి కదా, గట్టిగా పట్టుకున్నట్టున్నా. తర్వాత అది మెత్తగా అయిపోయింది. నిన్న చుక్కని కూడా ఎత్తుకున్నా. నేనెత్తుకున్నవే చచ్చిపోతున్నాయి. అందుకే వీటిని ముట్టుకోవట్లేదు. చూడు, దూరంగానే కూర్చున్నా.”

నేను తలుపు వెనక నోట్లో కొంగు కుక్కుకున్నాను. ముద్ద పెట్టినా పొద్దుటి నుంచి అది ఎందుకు తినలేదో, నేను జుట్టు నిమరబోతే చేతులు వెనక్కెందుకు దాచుకుందో అప్పుడు తెలిసింది.

“నువ్వు కాదు” అంది వదిన. “ఇది నేను తేలుస్తా. తేల్చిందాకా నీ మీద నువ్వు కేసు రాసుకోకు.”

తొమ్మిదీ నలభైకి వీధి మలుపులో జీపు ఆగింది. చేతిలో గోనెసంచితో శానిటరీ ఇన్‌స్పెక్టరు దిగాడు. వెనకే డ్రైవరు సున్నం బక్కెట్ మోసుకొచ్చాడు. ఏం చచ్చినా, ఏం కుళ్లినా ముందు సున్నం చల్లిస్తాడని ఆయనకి ‘సున్నం సారు’ అని పేరు.

“ఈయనకెవరు చెప్పారు?” వదిన నా వైపు తిరిగింది.

నేను తల దించుకున్నాను. ఏడూ అయిదుకి నేనే ఫోన్ చేశాను. వదినకి చేసిన చెయ్యి ఆగలేదు, ఆయనకీ చేసేసింది.

“బావున్నారా హెడ్డుగారూ? రిటైరయ్యాక కోళ్ల కేసులు చూస్తున్నారన్నమాట!”

“మీ సంచి చూస్తే తెలుస్తోంది, మీరు కేసు చూడకుండానే తేల్చేశారని. ఆ బావి కేసులో కూడా అంతే కదా. నీళ్లు పరీక్షకెళ్లకముందే సున్నం పోశారు.”

సారు మొహం కందగడ్డయింది. “ఆ రోజు మీరు పైకి రిపోర్టు రాయకపోతే ఈపాటికి నేను ఆఫీసరు కుర్చీలో ఉండేవాణ్ణి. పోనివ్వండి. రెండు రోజుల్లో మూడు కోళ్లు చచ్చాయి. ఇంట్లో పిల్లకి వాంతులు. ఇది అంటురోగం. మిగిలిన రెండూ సంచిలోకి. పిల్లని పెద్దాసుపత్రిలో విడిగా ఉంచాలి.”

“విడిగానా? నేను పక్కనుండచ్చా సారూ?”

“తల్లైనా అద్దం బయట నుంచే చూడాలమ్మా. ముందు ఒక పని చెయ్యండి. ఆ పిల్ల చచ్చినవాటిని ముట్టుకునే ఉంటుంది. వేడివేడి నీళ్లతో, సబ్బుతో తలారా స్నానం చేయించి తీసుకురండి. మీరు ముట్టుకోకండి, తననే చేసుకోమనండి.”

వదిన ఏదో అనబోయింది. నేను వినే స్థితిలో లేను. పరుగెత్తి గీజరు వెలిగించాను. పిల్ల చేతికి తువ్వాలిచ్చి లోపలికి తోశాను. గడియ పడ్డ చప్పుడు విని వరండాలోకి వచ్చేశాను. గడియారంలో పదికి ఎనిమిది నిమిషాలు.

వరండాలో సారు గంప మీద చెయ్యేశాడు. వదిన ఆయన చేతి మీద చెయ్యేసింది.

“గంట టైమివ్వండి.”

“నిమిషం ఇవ్వను. రూలు నా దగ్గరుంది.” ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి చదివాడు. “సోకిన కోళ్లలో కాళ్లు, ముక్కు, తోలు నీలంగా మారును. రెక్కలు వాల్చును. గుంపులో ఒకదాని నుంచి ఒకదానికి…”

“ఆగండి. తోలు ఏ రంగు?”

“నీలం. నల్లబడుతుందంటారు కూడా.”

“ఇది చూడండి.” వదిన దినపత్రిక విప్పి ఆయన ముందు పెట్టింది.

సారు ఒంగి చూశాడు. ఇంకా ఒంగాడు. “ఎర్రగా ఉందే!”

“ఎర్రగా ఉంది” అంది వదిన. ఉన్నట్టుండి ఆవిడ గొంతు మారిపోయింది. “కుంపటి. అది కుంపటి కేసు. ఇరవై ఏళ్లయింది. మొగుడూ పెళ్లాం చలికి కిటికీలన్నీ మూసి, గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నారు. తెల్లారి తలుపు పగలగొడితే ఇద్దరి మొహాలూ గులాబీల్లా ఉన్నాయి. విషమన్నారు అందరూ. విషం కాదు, గాలి. మూసిన గదిలో మంట మండితే వచ్చే గాలి. వాసన ఉండదు, పొగ ఉండదు.” ఆవిడ నా వైపు తిరిగింది. “ఎండలోకి తెస్తే కోలుకున్నాయి. బయట కూర్చుంటే పిల్లకి తల నొప్పి తగ్గింది. నిన్న డ్యూటీలో నా తమ్ముడికి ఒంట్లో ఎలా ఉందన్నాడు?”

“స్టీరింగ్ దగ్గర తల దిమ్ముగా ఉందన్నారు. నిద్ర చాలకేమో అని నేనే…”

“ఇరవై మూడు రోజులు ఏం కాలేదు. రెండు రోజులుగా అవుతోంది. ఆ అట్ట ఎప్పుడు పెట్టావన్నావు?”

“మొన్న సాయంత్రం.”

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని నాకే వినపడలేదు.

“పిచ్చుకేదీ?” అంది వదిన.

లోపల నీళ్ల చప్పుడు వస్తూనే ఉంది. గీజరు భగభగమంటోంది. నేను తలుపు మీద రెండు చేతులతో బాదాను. “అమ్మా! గడియ తియ్యి! చిట్టితల్లీ, గడియ తియ్యమ్మా!” నీళ్లు పడుతున్నాయి, అంతే. ఇంకే చప్పుడూ లేదు. అంతకు ముందు నా బతుకంతా రోజుకి పదిసార్లు ఇదే ఊహించుకునేదాన్ని, పిల్ల మెట్ల మీద పడ్డట్టు, బస్సు కింద పడ్డట్టు. ఎన్నిసార్లు ఊహించుకున్నా నా చేత్తోనే అవుతుందని ఒక్కసారీ అనుకోలేదు.

“తప్పుకో!” వదిన భుజంతో కొట్టింది. తలుపు కదల్లేదు. సున్నం సారు గోనెసంచి పారేసి వచ్చి ఆవిడతో కలిసి కొట్టాడు. టైలరు ఇనుప గజంబద్ద పట్టుకుని పరుగెత్తుకొచ్చి సందులో దూర్చాడు. మూడో దెబ్బకి గడియ మేకులతో సహా ఊడి వచ్చింది.

నా పిల్ల టబ్బు పక్కన ముడుచుకుని పడి ఉంది. తువ్వాలు చుట్టుకునే ఉంది. మొహం ఎర్రగా, ఎంతో ఆరోగ్యంగా ఉన్నట్టు ఉంది. ఆ ఎరుపు చూసి నేను కేక వేశాను.

వదిన ఊపిరి బిగబట్టి లోపలికి దూకి గీజరు కట్టేసింది. ఒక్క పెట్టున అట్ట పీకేసింది. సారు పిల్లను రెండు చేతులతో ఎత్తి వరండాలోకి, ఎండలోకి తెచ్చి పడుకోబెట్టాడు. “జీపు వెనక్కి తీసుకురా! ఆక్సిజన్ పెట్టాలి!” అని డ్రైవరు మీద అరిచాడు. నేను కొంగుతో విసురుతూనే ఉన్నాను. ఒకటి, రెండు, మూడు అని దాని ఊపిరి లెక్కపెట్టాను. పదకొండు దగ్గర దగ్గింది. పంతొమ్మిది దగ్గర కళ్లు తెరిచింది.

“గండం గడిచింది” అంది వదిన. “అయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.”

సందు ఇరుకు, జీపు వెనక్కి రావడానికి టైము పట్టింది. ఆ కాస్త టైములో సున్నం సారు నా పక్కకొచ్చాడు. చొక్కా చెమటకి తడిసిపోయింది.

“అమ్మా, ఒక మాట. స్నానం చేయించమన్నది నేను. వెంటిలేటరుకి అట్ట వేసింది మీరు. కాగితం మీద రోగమని రాసేస్తా. మీ పేరూ రాదు, నా పేరూ రాదు. ఈ రెండూ సంచిలోకెళ్తే కేసు మూసినట్టే. పిల్లకి కూడా రోగమనే చెప్పండి. ఎందుకమ్మా, పసిది. తల్లి మీద మనసు విరిగిపోతే అతకదు.”

వదిన విన్నది. పుస్తకం మూసి, పెన్సిలు దాని మీద పెట్టి నా వైపు చూస్తూ నిలబడింది.

అబద్ధం చెప్పచ్చు. రోగమంటే ఎవరి తప్పూ కాదు. నా పిల్ల నన్ను ఎప్పటిలాగే చూస్తుంది. కుంటోడూ బూడిదా గంపలోంచి సంచిలోకి పోతాయి, ఒక వారం ఏడుస్తుంది, మరిచిపోతుంది. మరిచిపోతుందా?

పిల్ల పెదాలు కదిలాయి. ఒంగి చెవి పెట్టాను.

“రాణి నేను పట్టుకున్నందుకే కదమ్మా?”

“కాదమ్మా” అన్నాను. “నువ్వు పట్టుకున్నందుకు కాదు. నువ్వు ఎత్తుకున్నందువల్ల ఏదీ చావలేదు. నేను కిటికీ మూసేశాను. పిల్లి వస్తుందని భయపడి గాలి రాకుండా మూసేశాను. గీజరు మంటకి లోపల గాలి పాడైపోయింది. రాణినీ, చుక్కనీ, తిండిపోతునీ చంపింది నేనే. నిన్ను కూడా…”

సారు చేతిలో కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. గోనెసంచి ఖాళీగానే డ్రైవరుకి ఇచ్చేశాడు.

పిల్ల చాలాసేపు నన్నే చూసింది. ఏడవలేదు. మెల్లగా చెయ్యి చాపి, పొద్దుటి నుంచి ముట్టుకోని గంపని దగ్గరికి లాక్కుంది. కుంటోణ్ణి తీసి గుండెల మీద పెట్టుకుంది. అది కాళ్లు ముడుచుకుని కళ్లు మూసుకుంది. తర్వాత బూడిదని తీసుకుంది.

జీపు వచ్చి ఆగింది. నేను గ్లాసుతో మంచినీళ్లు తెచ్చాను. అటు వైపు నుంచి వదిన కూడా ఒక గ్లాసు పట్టుకొచ్చింది.

పిల్ల లేచి కూర్చుని వదిన చేతిలోది అందుకుంది.